42 గడపలు, గ్రిడ్ లేదు, దగ్గర్లో వాగు: ప్యానెళ్ళు ఎన్ని, బ్యాటరీ ఎంత, తీగ ఏది?

#1 — కొత్తతీగ

అందరికీ నమస్కారం. గ్రిడ్ లైను దరిదాపుల్లో లేని పల్లెకి కరెంటు డిజైన్ చేయాలి. వివరాలు ఇవీ:

మొత్తం 42 ఇళ్ళు. అందులో 36 ఒకేచోట ఉన్నాయి, పవర్ రూముకి అనుకున్న స్థలం నుంచి 350 మీటర్లలోపు. మిగతా 6 ఇళ్ళు 1.2 కిలోమీటర్ల అవతల విడివిడిగా ఉన్నాయి. ఒక బడి, ఒక ఆరోగ్య కేంద్రం (టీకాల ఫ్రిజ్ తప్పనిసరి), ఒక పిండిమర.

నా ప్లాను: 10 కిలోవాట్ల ప్యానెళ్ళు, 24 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాంకు, అక్కణ్ణుంచి ఇంటింటికీ 24 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ ఉండదు కాబట్టి నష్టమూ ఉండదు, చెడిపోయే వస్తువు ఒకటి తగ్గుతుంది. ఎక్కడైనా తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

#2 — లోడ్‌షీట్

10 కిలోవాట్లు అన్న అంకె ఎక్కడిది? ముందు రోజుకి ఎన్ని యూనిట్లు కావాలో తేలాలి, ఆ తర్వాతే ప్యానెళ్ళ మాట. మీరిచ్చిన వివరాలతో ఒక షీటు వేస్తున్నాను, అంకెలు సరిచేసుకోండి.

ఒక్కో ఇంటికి: 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 4, 5 గంటలు = 140 వాట్ అవర్లు. తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలు = 240. రెండు ఫోన్ల చార్జింగ్ 16. ఉజ్జాయింపుగా 400. అంటే దగ్గరున్న 36 ఇళ్ళకి 14.4 యూనిట్లు (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు); దూరపు 6 ఇళ్ళు ఇందులో కలపలేదు.

సగం ఇళ్ళలో 30 వాట్ల టీవీ 3 గంటలు: 1.6 యూనిట్లు. వీధి దీపాలు 12, ఒక్కోటి 15 వాట్లు, 11 గంటలు: 2. బడి 1.5. ఆరోగ్య కేంద్రంలో దీపాలు, ఫ్యాన్లు 0.7 (ఫ్రిజ్ ఇందులో కలపలేదు, కారణం తర్వాత). పిండిమర 2.2 కిలోవాట్ల మోటారు, లాగేది 2.7 దాకా, 3 గంటలు: 8.1. ఇన్వర్టర్ ఖాళీగా తిరిగినా 50 వాట్లు తింటుంది, రోజుకి 1.2. ఈ చివరిది చాలామంది లెక్కలోనే వేయరు. చిన్న సిస్టమ్‌లో అది మూడు ఇళ్ళ వాడకం.

మొత్తం 30 యూనిట్లు. ఇందులో పొద్దుగుంకాక వాడేది దాదాపు 18.

వాడేవి సాధారణ సీలింగ్ ఫ్యాన్లైతే (70–75 వాట్లు) ఈ లెక్కంతా మొదటికి వస్తుంది. ఫ్యాన్లే 8.6 యూనిట్ల నుంచి 20 దాటిపోతాయి. అందుకని బల్బులు, ఫ్యాన్లు కనెక్షన్‌తో పాటే ఇచ్చేయండి. ప్యానెళ్ళు, బ్యాటరీ పెంచడం కన్నా అదే చవక.

ప్రపంచ బ్యాంకు ఇంధన విభాగం 2015లో ఇచ్చిన అంచెల పద్ధతిలో రెండో అంచెకి ఇంటికి రోజుకి 200 వాట్ అవర్లు, మూడో అంచెకి 1000. మీ పల్లె రెండుకీ మూడుకీ మధ్య పడుతుంది. పెరుగుదలకి చోటు వదలండి.

#3 — ఓమ్‌సూత్రం

24 వోల్టుల సంగతి నేను చెబుతాను. చివర ఉన్న 10 ఇళ్ళు తీసుకోండి, ఇంటికి 100 వాట్లు, మొత్తం 1000 వాట్లు, దూరం 350 మీటర్లు. పోను రాను తీగ 700 మీటర్లు.

16 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం తీగ నిరోధం: 0.028 × 700 ÷ 16 = 1.2 ఓములు.

230 వోల్టుల్లో కరెంటు 4.35 ఆంప్స్. తీగలో పోయేది 5.3 వోల్టులు, 2.3 శాతం. హాయిగా సరిపోయింది.

24 వోల్టుల్లో 42 ఆంప్స్. తీగలో పడాల్సింది 50 వోల్టులు. ఉన్నవే 24! అంటే ఆ వెయ్యి వాట్లు అక్కడికి చేరే ప్రసక్తే లేదు. 5 శాతం నష్టంతో పంపాలంటే దాదాపు 680 స్క్వేర్ ఎంఎం తీగ కావాలి. ఇన్వర్టర్ దగ్గర మిగిల్చిన 8 శాతం కోసం తీగ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

12, 24 వోల్టుల డీసీ ఒక ఇంటి లోపల, 10–15 మీటర్లలోపు బాగుంటుంది. ఊరంతా పంచడానికి పనికిరాదు.

#4 — కొత్తతీగ

లెక్క అర్థమైంది. అయితే డీసీనే 200 వోల్టులకి పైన పంపి, ఇంటి దగ్గర తగ్గించుకుంటే?

#5 — పాతఫ్యూజు

సాంకేతికంగా కుదురుతుంది, కానీ ఒక పల్లెకి వద్దనే అంటాను. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, స్విచ్ తెరవగానే ఆర్క్ దానంతటదే ఆరుతుంది. డీసీకి సున్నా అంటూ లేదు. మామూలు స్విచ్, మామూలు ఎంసీబీ (కరెంటు మించితే పడిపోయే స్విచ్) ఆ ఆర్క్‌ని తెంపలేక లోపలే కాలిపోతాయి. ప్రతి ఇంట్లో డీసీ రేటింగ్ ఉన్న స్విచ్‌లు, ప్రతి ఇంటికో కన్వర్టర్, అది పోతే ఎవరి దగ్గరా స్పేర్ దొరకదు.

ఇంకో కారణం. రేపు గ్రిడ్ వస్తుంది. 230/400 వోల్టులు, 50 హెర్ట్జ్, ప్రామాణిక స్తంభాలు, పైన తొడుగుండి పెనవేసిన ఏబీ కేబుల్‌తో లైను వేసుంటే దాన్ని అలాగే గ్రిడ్‌కి కలుపుకోవచ్చు. లేకపోతే పక్కనే రెండో లైను లేచి మీది తుక్కు కింద పోతుంది. బిహార్‌లోని ధర్నాయిలో 2014లో 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టాక కొద్దికాలానికే చవక గ్రిడ్ కరెంటు వచ్చింది, మైక్రోగ్రిడ్ వాడకం క్రమంగా పడిపోయి మూలనపడింది. నైజీరియా 2016 మినీ గ్రిడ్ నిబంధనల్లో అనుమతి తీసుకున్న మినీ గ్రిడ్ దగ్గరికి పెద్ద గ్రిడ్ వస్తే పరిహారం ఇచ్చే ఏర్పాటు పెట్టారు. మీ దేశంలో ఏ నియమం ఉందో ఒక్క స్తంభం పాతక ముందే కాగితం మీద తేల్చుకోండి.

డీసీ ఎంసీబీల గురించి ఒక మాట. ప్యానెళ్ళ వైపు అవి తప్పవు. వాటిలో కొన్నింటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తిరగేసి బిగిస్తే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు, లోడు మీద తెంపిన రోజున మంట లేస్తుంది. గుర్తులు లేని రకం తెప్పించుకోవడం మేలు.

#6 — లోడ్‌షీట్

ఇక ప్యానెళ్ళు. ఏడాది సగటు ఎండతో లెక్క వేయకూడదు, అతి తక్కువ ఎండ ఉన్న నెల తీసుకోవాలి. ఆ నెలలో రోజుకి 3.8 గంటల పూర్తి ఎండ అనుకుందాం. దుమ్ము, వేడి, తీగలు, బ్యాటరీ, ఇన్వర్టర్ అన్నీ కలిపి 0.68 చేతికొస్తుంది.

30 ÷ (3.8 × 0.68) = 11.6 కిలోవాట్లు. 20 శాతం అదనంతో 14. అంటే 540 వాట్ల ప్యానెళ్ళు 26, రెండు స్ట్రింగులుగా (వరసగా కలిపిన గొలుసులు) 13 చొప్పున.

స్ట్రింగ్ వోల్టేజి చలి ఉదయానికి సరిచూడాలి, ఎండాకాలానికి కాదు. ఈ సైజు ప్యానెల్ ఓపెన్ (లోడు లేనప్పటి) వోల్టేజి 49.5 దాకా ఉంటుంది, డిగ్రీకి 0.28 శాతం చొప్పున చలికి పెరుగుతుంది. సెల్ 10 డిగ్రీల దగ్గర ఉంటే 51.6. పదమూడింటికి 670 వోల్టులు. ఇన్వర్టర్ గరిష్ఠం 800 అయితే ఫర్వాలేదు; 600 అయితే మొదటి చలికాలమే ఆఖరు. రెండే స్ట్రింగులు కాబట్టి స్ట్రింగ్ ఫ్యూజులు అవసరం లేదు, మూడు సమాంతరంగా వస్తే కావాలి.

వాలు 10 డిగ్రీలకి తగ్గించొద్దు. అంతకన్నా పడుకోబెడితే వాన నీరు కింది అంచున నిలిచి బురద గీత కడుతుంది, ఆ అడుగు వరస సెల్స్ నీడలో పడ్డట్టే.

#7 — యాసిడ్‌సీసా

బ్యాటరీ విషయంలో అందరూ లిథియం అనే ముందు నా మాట వినండి. ట్యూబులర్ లెడ్ యాసిడ్‌లో 2 వోల్టుల సెల్ పోతే అదొక్కటే మార్చుకోవచ్చు. హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఉంటే బడి పిల్లాడైనా దాని ఆరోగ్యం చెబుతాడు: 1.265 ఉంటే నిండుగా ఉంది, సెల్‌కీ సెల్‌కీ 0.030 తేడా వస్తే ఈక్వలైజ్ చేయాలి (ఎక్కువ చార్జ్ ఇచ్చి సమం చేయాలి). పాతది తూకానికి అమ్ముడుపోతుంది. లోపల సర్క్యూట్ బోర్డు లేదు.

#8 — ఓమ్‌సూత్రం

అవన్నీ నిజమే. ఇప్పుడు సైజు చూద్దాం. రోజంతటికీ 30 యూనిట్లు చేతికి రావాలంటే, సగమే ఖాళీ చేయొచ్చు, ఇన్వర్టర్ దగ్గర 8 శాతం పోతుంది కాబట్టి 30 ÷ (0.5 × 0.92) = 65 యూనిట్ల బ్యాంకు. 48 వోల్టుల్లో 1360 ఆంపియర్ అవర్లు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ) అయితే 80 శాతం వాడొచ్చు: 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల ప్యాకులు 8, మొత్తం 41 యూనిట్లు, చేతికొచ్చేది 30. మరొకటి, లెడ్ యాసిడ్‌లో పెట్టిన శక్తిలో దాదాపు ఐదో వంతు వేడిగా పోతుంది, ఎల్‌ఎఫ్‌పీలో ఇరవయ్యో వంతు. ఆ తేడా ప్యానెళ్ళతో కట్టాలి.

అసలు శత్రువు వేడి. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకి లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమవుతుంది. రేకుల షెడ్డులో పెడితే అయిదేళ్ళ బ్యాటరీ రెండున్నరేళ్ళే. ఉష్ణోగ్రత సెన్సర్ తీగ బ్యాటరీకి అంటించడం మరిచిపోవడం మామూలే: సెల్‌కి 25 దాటిన ప్రతి డిగ్రీకి చార్జింగ్ వోల్టేజి 4 మిల్లీవోల్టులు తగ్గించాలి. 24 సెల్స్ బ్యాంకు 40 డిగ్రీల్లో ఉంటే 57.6 కాదు, 56.2 దగ్గర ఆపాలి. అది చేయకపోతే నీళ్ళు ఆవిరై ప్లేట్లు బయటపడతాయి.

#9 — పాతఫ్యూజు

ఎల్‌ఎఫ్‌పీని మాత్రం ఆకాశానికెత్తొద్దు. దానికీ జబ్బులున్నాయి.

ఒకటి, పూర్తిగా అడుగంటితే బీఎంఎస్ (బ్యాటరీ లోపలి కాపలా బోర్డు) తలుపు మూసేస్తుంది. బయట వోల్టేజి సున్నా. చాలా చార్జర్లు బ్యాటరీ వోల్టేజి కనబడితేగాని చార్జింగ్ మొదలుపెట్టవు. తెల్లారి ఎండ వచ్చినా ఊరు చీకట్లోనే ఉంటుంది. పరిష్కారం, ఇన్వర్టర్‌ని బీఎంఎస్ కన్నా ముందే ఆగేలా పెట్టడం: 48.5–49 వోల్టుల దగ్గర. మళ్ళీ 52 దాటాకే లోడు ఎక్కాలి.

రెండు, వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. 20 నుంచి 90 శాతం దాకా సెల్ 3.2–3.3 మధ్యనే కూర్చుంటుంది. వచ్చిపోయే కరెంటుని లెక్కించే షంట్ మీటరు కావాలి. వారానికోసారి పూర్తిగా నింపితేనే ఆ మీటరు లెక్క సరిపడుతుంది, సెల్స్ సమం అవుతాయి.

మూడు, 8 ప్యాకులు సమాంతరంగా కలిపేటప్పుడు ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే కలిపిన క్షణంలో వందల ఆంప్స్ పారతాయి. విడివిడిగా నింపి, తేడా 0.1 వోల్టులోపు ఉన్నాకే ఉమ్మడి లోహపు పట్టీ అయిన బస్‌బార్‌కి కలపండి. ప్రతి ప్యాకుకీ తన ఫ్యూజు. ఇన్వర్టర్‌కి ప్లస్ ఒక చివర నుంచి, మైనస్ రెండో చివర నుంచి తీయాలి; లేకపోతే దగ్గరి ప్యాకులే అరిగిపోతాయి.

సున్నా డిగ్రీల కింద చార్జింగ్ చేయకూడదు. కొండ ప్రాంతమైతే గుర్తుంచుకోండి.

#10 — కొత్తతీగ

ఎల్‌ఎఫ్‌పీకే మొగ్గుతున్నాను. ఒక సంగతి చెప్పడం మరిచాను: పల్లెకి 600 మీటర్ల దూరంలో వాగుంది. 30 మీటర్ల పల్లం ఉంది, పైపు దారి 120 మీటర్లు. ఎండాకాలం కూడా ఎండిపోదు, సెకనుకి 4 లీటర్లు ఉంటుంది. వానల్లో చాలా ఎక్కువ. దాంతో ఏమైనా ఉపయోగం ఉందా?

#11 — వాగుగట్టు

ఈ సంగతి మొదటి పోస్టులో రావాల్సింది!

సూత్రం తేలిక: లీటర్లు × మీటర్లు × 9.81 = వాట్లు, అందులో చిన్న యంత్రాలకి సగం చేతికొస్తుంది. అంటే లీటర్లు × మీటర్లు × 5. మీకు ఎండాకాలం 4 × 30 × 5 = 600 వాట్లు. చూడ్డానికి చిన్నదే. కానీ రాత్రీ పగలూ ఆగదు, రోజుకి 14.4 యూనిట్లు. తీగ, చార్జర్ నష్టం పోను 12. మీ అవసరంలో 40 శాతం. వానాకాలం 10 లీటర్లు తీసుకుంటే 1.5 కిలోవాట్లు, 36 యూనిట్లు. సోలార్ సన్నగిల్లే నెలల్లోనే వాగు పెరుగుతుంది.

ముందు ఆ 4 లీటర్లు కొలిచిందా, కంటితో చూసి చెప్పిందా? వాగుకి అడ్డంగా పలక పెట్టి 90 డిగ్రీల వీ ఆకారపు గంటు కోయండి. గంటు అడుగు నుంచి నీటిమట్టం ఎత్తు, పలకకి అర మీటరు ఎగువన కొలవాలి. 14 సెంటీమీటర్లుంటే సెకనుకి 10 లీటర్లు, 10 సెంటీమీటర్లుంటే 4.4. ఏడాదిలో అతి తక్కువ నీరున్న నెలలో కొలిచిన అంకే డిజైన్ అంకె. అందులోనూ కొంత వాగులో వదలాలి. టర్బైన్ నుంచి వెళ్ళే నీరు, కింద పొలాల కాలువ మొదలయ్యే చోటుకి ఎగువనే మళ్ళీ వాగులో కలవాలి. లేదంటే మొదటి ఎండాకాలమే తగాదా.

పైపు దగ్గర పిసినారితనం వద్దు. 110 ఎంఎం పీవీసీలో 10 లీటర్లు పారితే 120 మీటర్లకి ఒకటిన్నర మీటరు ఎత్తు నష్టం, 5 శాతం. అదే 75 ఎంఎం వేస్తే 10 మీటర్లు రాపిడికే పోతుంది, మీ పల్లంలో మూడో వంతు. కింద గేట్ వాల్వు పెట్టి నిదానంగా తిప్పండి. బాల్ వాల్వుని చటుక్కున మూస్తే పైపులో నీరంతా ఒక్కసారి గుద్దుకుని కీళ్ళు పగులుతాయి.

ఈ ఎత్తుకి చిన్న పెల్టన్ లేదా టర్గో చక్రం (నీటి ధార గిన్నెలకి తగిలి తిరిగేది). 15 ఎంఎం నాజిల్ ఒకటి 4 లీటర్లు తీసుకుంటుంది. మూడు నాజిళ్ళు, ఒక్కోదానికి విడిగా వాల్వు పెట్టుకోండి: ఎండాకాలం ఒకటి, వానల్లో రెండో మూడో. నాజిల్‌ని సగం మూసి నీరు తగ్గించొద్దు, ధార చెదిరి చక్రానికి దెబ్బ తగలదు.

#12 — ఓమ్‌సూత్రం

జనరేటర్ ఏది? పర్మనెంట్ మాగ్నెట్ పెట్టి డీసీ చేసి ఎంపీపీటీకి (గరిష్ఠ శక్తి లాగే చార్జింగ్ కంట్రోలర్) ఇస్తే సులువు కదా.

#13 — వాగుగట్టు

వాగు ఒడ్డునే బ్యాటరీ ఉంటే సులువే. లోడు తెగిన క్షణంలో చక్రం దాదాపు రెట్టింపు వేగానికి పోతుంది, వోల్టేజి కూడా రెట్టింపు దాటుతుంది. 250 వోల్టుల కంట్రోలర్ బతకాలంటే మామూలుగా 100 లోపు నడపాలి. 100 వోల్టుల్లో 1.5 కిలోవాట్లు 600 మీటర్లు పంపితే, 25 స్క్వేర్ ఎంఎం అల్యూమినియంలో కూడా 20 శాతం తీగలోనే పోతుంది. 230 వోల్టుల్లో అదే తీగ మీద 4 శాతంలోపు.

అందుకని 2.2 కిలోవాట్ల మూడు ఫేజుల ఇండక్షన్ మోటారునే జనరేటర్‌గా వాడండి. డెల్టా కలిపి, ఒక ఫేజుకి ఒక విలువ కెపాసిటర్ (సీ), ఇంకో ఫేజుకి దానికి రెండింతలు పెడితే సింగిల్ ఫేజ్ వస్తుంది. మోటారు రేటింగులో 80 శాతం మించి లాగొద్దు. బ్రష్‌లు లేవు, బేరింగులు తప్ప అరిగేది లేదు. కెపాసిటర్లు నిరంతరం పనిచేసే మోటార్ రన్ రకం కావాలి, స్టార్ట్ రకం కొద్దిసేపట్లోనే ఉబ్బుతుంది.

వేగం అదుపుకి ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలర్: వాడకం తగ్గినంతా నీళ్ళ హీటర్లకి మళ్ళిస్తుంది. హీటర్లు జనరేటర్ సామర్థ్యానికి 1.25 రెట్లు ఉండాలి, ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండాలి. ట్యాంకు ఎండితే హీటరు కాలిపోతుంది, ఆపైన టర్బైన్‌కి పగ్గం లేదు. నేపాల్ కొండల్లో మైక్రో హైడ్రోలు చాలావరకు ఇలాంటి కంట్రోలర్లతోనే నడుస్తాయి.

రెండు చిక్కులు ముందే చెబుతాను. షార్ట్ సర్క్యూట్ అయితే ఇండక్షన్ జనరేటర్ అయస్కాంతత్వం పోగొట్టుకుని, మళ్ళీ తిప్పినా వోల్టేజి ఇవ్వదు. ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేసి, 12 వోల్టుల బ్యాటరీని ఒక వైండింగ్‌కి క్షణం తాకిస్తే తిరిగి పుంజుకుంటుంది. రెండోది, పల్లెలో బ్యాటరీ నింపే చార్జర్ కరెంటు పరిమితి కాలాన్ని బట్టి మార్చాలి. వానల్లో 25 ఆంప్స్, ఎండాకాలం 10. 600 వాట్ల రోజున 25 ఆంప్స్ అడిగితే వోల్టేజి కుప్పకూలుతుంది, చార్జర్ ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ కూలుతుంది. ఇది చూసి జనరేటర్ పాడైందనుకుని విప్పేస్తారు.

#14 — లోడ్‌షీట్

అయితే లెక్క మళ్ళీ వేయాలి. ఎండాకాలం: వాగు 12, సోలార్ నుంచి 18 కావాలి, ఎండ 5.5 గంటలు. 18 ÷ (5.5 × 0.68) = 4.8 కిలోవాట్లు, అదనంతో 6. అంటే 540 వాట్ల ప్యానెళ్ళు 12 చాలు. వానాకాలం వాగు ఒక్కటే దాదాపు మొత్తం మోస్తుంది. 26 నుంచి 12కి పడ్డాయి!

#15 — వాగుగట్టు

నేను వాగు పక్షమే అయినా 12కి ఒప్పుకోను. పెద్ద వరద వచ్చినప్పుడే ఆనకట్ట దగ్గర జాలీకి ఆకులు, కొమ్మలు అడ్డం పడతాయి, ఇసుక వస్తుంది, పైకి వెళ్ళి తీసే దారీ ఉండదు. సరిగ్గా ఆ వారమే ఆకాశమూ మూసుకుపోయి ఉంటుంది. వాగు లేని 3.8 గంటల ఎండలో పిండిమర ఆపి 22 యూనిట్లు రావాలంటే 8.5 కిలోవాట్లు. 16 ప్యానెళ్ళు వేయండి, 8.6 అవుతుంది. బ్యాటరీ 8 ప్యాకుల నుంచి 5కి తగ్గించొచ్చు, ఎందుకంటే రాత్రి 18లో 6 వాగే ఇస్తుంది.

జాలీని నీటి ప్రవాహానికి ఏటవాలుగా పెడితే ఆకులు వాటంతటవే జారిపోతాయి. దాని తర్వాత ఇసుక దిగే తొట్టి, అడుగున తూము. వరద తగ్గిన ప్రతిసారీ తూము తెరవాలి. ఇసుక లోపలికి పోతే ముందు అరిగేది నాజిల్ మొన, ఆ తర్వాత చక్రం గిన్నెలు.

#16 — పాతఫ్యూజు

16 ప్యానెళ్ళకే నా ఓటు. ఒకే స్ట్రింగ్‌లో 16 వేస్తే చలి ఉదయం 825 వోల్టులు దాటుతుంది, 8 చొప్పున రెండు స్ట్రింగులు చేయండి. ఇన్వర్టర్ ఎంపీపీటీ ఎంత వోల్టేజి దగ్గర మొదలవుతుందో చూడండి. వేడి మధ్యాహ్నం 8 ప్యానెళ్ళు 290–300 మాత్రమే ఇస్తాయి.

పిండిమర గురించి. 2.2 కిలోవాట్ల మోటారు నిండు లోడులో 4.7 ఆంప్స్, నేరుగా స్టార్ట్ చేస్తే ఆరింతలు, 28 ఆంప్స్. అంటే ఆ క్షణంలో 20 కేవీఏ. 10 కేవీఏ ఇన్వర్టర్ ఊరంతటినీ చీకటి చేసి ఆగిపోతుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి 10 సెకన్లలో మెల్లగా వేగం ఎక్కించండి, నిండు లోడు కరెంటు దాటదు. మర ఖాళీగా తిరుగుతున్నప్పుడే స్టార్ట్ చేయాలి, గింజలు తర్వాత పోయాలి. ఉదయం 10 నుంచి 2 మధ్య తప్ప నడపకుండా టైమర్ పెట్టండి, అప్పుడు బ్యాటరీని ముట్టుకోదు.

#17 — మందులడబ్బా

టీకాల ఫ్రిజ్ మినీ గ్రిడ్ మీద పెట్టొద్దు. లోడ్‌షీట్ గారు దాన్ని లెక్కలో వదిలేసింది అందుకే అనుకుంటాను. సోలార్ డైరెక్ట్ డ్రైవ్ రకం ఉంటుంది: బ్యాటరీ లేదు, ప్యానెల్ నేరుగా కంప్రెసర్‌ని నడుపుతుంది, శక్తి మంచుగా నిలవ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత జాబితాలో ఉన్నదే తీసుకోండి, ఎండ లేకపోయినా కనీసం 3 రోజులు 2–8 డిగ్రీల మధ్య ఉంచాలన్నది అందులో షరతు. దాని ప్యానెళ్ళకి ఫోను చార్జరు కూడా తగిలించకూడదు. చెట్టు నీడ మధ్యాహ్నం 3కి పడుతుందా, వేరే నెలల్లో ఎక్కడ పడుతుందో కూడా చూసుకోండి. మాట నిలబెట్టుకోని ఫ్రిజ్‌లో టీకాలు పాడైన సంగతి కంటికి కనబడదు, అందుకే 30 రోజుల ఉష్ణోగ్రత రికార్డరు లోపలే ఉండాలి.

#18 — ఓమ్‌సూత్రం

దూరంగా ఉన్న 6 ఇళ్ళకి లైను లాగొద్దు, ఇంటికో విడి సిస్టమ్ పెట్టండి. బంగ్లాదేశ్‌లో 2003లో మొదలైన కార్యక్రమంలో 40 లక్షలకి పైగా ఇలాంటివి బిగించారు, పద్ధతి కొత్తదేమీ కాదు.

400 వాట్ అవర్లకి: 400 ÷ (3.8 × 0.65) = 162, కాబట్టి 170–180 వాట్ల ప్యానెల్. 12.8 వోల్టులు, 60 ఆంపియర్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ. ఒకటిన్నర రోజు వస్తుంది. 12 వోల్టుల బీఎల్‌డీసీ ఫ్యాను, 12 వోల్టుల బల్బులు.

కంట్రోలర్ దగ్గర జాగ్రత్త. పీడబ్ల్యూఎం (ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజికే లాగే చవక రకం) అయితే 36 సెల్స్ ప్యానెలే ఉండాలి. చవగ్గా వచ్చిందని 60 సెల్స్ 330 వాట్ల ప్యానెల్ తగిలిస్తే, అది 9.8 ఆంప్స్ మాత్రమే బ్యాటరీ వోల్టేజి దగ్గర ఇస్తుంది: 13 × 9.8 = 127 వాట్లు. మిగతాదంతా వృథా. 60 సెల్స్‌కి ఎంపీపీటీ కావాలి.

ఈ ఇళ్ళలో సిస్టమ్ చచ్చేది ఒకే దారిలో: రాత్రి కంట్రోలర్ లోడు ఆపేస్తుంది, టీవీ కోసం ఎవరో తీగని నేరుగా బ్యాటరీకి చుడతారు. కొన్ని నెలల్లో బ్యాటరీ పోతుంది. పెట్టెకి తాళం వేయడం కన్నా, లోడు ఆగేముందు మెరిసే దీపం ఎక్కువ పనిచేస్తుంది.

#19 — కొత్తతీగ

డబ్బు వసూలు ఎలా? ఇంటికింత అని నెలవారీ పెట్టి, 1 ఆంప్ ఎంసీబీతో ఆపుదామనుకున్నాను.

#20 — లోడ్‌షీట్

1 ఆంప్ ఎంసీబీ అంటే 230 వాట్లు, అది 1.4 రెట్లు దాటినా చాలాసేపు పడిపోదు. 300 వాట్లు గంట సేపు లాగొచ్చు. ఇస్త్రీ పెట్టె, నీళ్ళ హీటరు 1000 వాట్లు కాబట్టి అవి ఆగుతాయి, అంతవరకే. అసలు కావాల్సింది వాట్ల మీద కాదు, రోజుకి యూనిట్ల మీద పరిమితి. ప్రీపెయిడ్ మీటర్లలో రోజువారీ కోటా పెట్టే రకం తీసుకోండి: ఇంటికి 500 వాట్ అవర్లు, అర్ధరాత్రి కాదు, ఉదయం 9కి మొదలయ్యేలా. అప్పుడు పగటి ఎండలో వాడుకోవాలన్న ఆలోచన వస్తుంది.

ధర కట్టేటప్పుడు ఆపరేటర్ జీతంతో ఆగిపోకండి. బ్యాటరీ 10 ఏళ్ళకి, ఇన్వర్టర్ 7–8 ఏళ్ళకి మార్చాలనుకుంటే, వాటి ధరని ఆ నెలలతో భాగించి ప్రతినెలా విడి ఖాతాలో వేయాలి. విరాళంగా వచ్చిన సామాను కదా అని ఈ లెక్క వదిలేసిన చోట, మొదటి బ్యాటరీతోనే కథ కంచికి.

#21 — ఈదురుగాలి

గాలిమర ఎవరూ ఎత్తలేదేం? అంత పల్లం ఉందంటే కొండ చోటే కదా.

#22 — వాగుగట్టు

3 మీటర్ల చక్రం, సెకనుకి 4 మీటర్ల గాలికి 70 వాట్లు కూడా ఇవ్వదు. శక్తి గాలి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 6 మీటర్లుంటే 230 దాకా వస్తుంది. ఏడాది పొడవునా చక్రం ఎత్తులో గాలి కొలిచిన రికార్డు లేకుండా ముట్టుకోవద్దు. కదిలే భాగాలు ఎక్కువ, పైకెక్కి బాగుచేయాలి. ఈ పల్లెకి అక్కర్లేదు.

#23 — పాతఫ్యూజు

బిగించాక ఏం చెడుతుందో నా జాబితా, ఎక్కువగా జరిగేదే ముందు:

కనెక్టర్లు. ఎంసీ4 (ప్యానెళ్ళ తీగలు కలిపే రకం) లాగే కనబడే వేరే కంపెనీ కనెక్టర్‌ని జత చేస్తే దూరుతుంది, బిగుతు చాలదు, వేడెక్కి కరుగుతుంది. రెండు వైపులా ఒకే కంపెనీది, సరైన క్రింపింగ్ పట్టకారుతో. మామూలు పట్టకారుతో నొక్కినవి ఏడాదిలో కాలతాయి.

అల్యూమినియం తీగని రాగి టెర్మినల్‌కి నేరుగా బిగించడం. రెండు లోహాల లగ్గు వాడాలి.

బల్లులు, చీమలు, ఎలుకలు. ఇన్వర్టర్ గాలి రంధ్రాలకి సన్న జాలీ, కేబుల్ దూరే చోట్ల గ్లాండ్ (సందు లేకుండా పట్టే బిగింపు). జాలీ పెట్టాక దుమ్ము పట్టి గాలి ఆగుతుంది, నెలకోసారి దులపాలి.

పిడుగు. ఏబీ కేబుల్ రెండు చివరలా టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్లు. వాగు దగ్గరి కంట్రోలర్‌కి కూడా.

#24 — కొత్తతీగ

ఇప్పటికి తేలింది ఇది, చూసి చెప్పండి: 16 ప్యానెళ్ళు 8.6 కిలోవాట్లు, 8 చొప్పున రెండు స్ట్రింగులు. మూడు ఫేజుల 10 కేవీఏ హైబ్రిడ్ ఇన్వర్టర్. ఎల్‌ఎఫ్‌పీ 5 ప్యాకులు. వాగు మీద మూడు నాజిళ్ళ టర్గో, 110 ఎంఎం పైపు, 2.2 కిలోవాట్ల ఇండక్షన్ మోటారు, లోడ్ కంట్రోలర్, పల్లెలో 48 వోల్టుల చార్జర్. 230/400 వోల్టుల ఏబీ కేబుల్. ఇంటికో ప్రీపెయిడ్ మీటరు. పిండిమరకి వీఎఫ్‌డీ. 6 విడి సిస్టమ్‌లు. ఫ్రిజ్ వేరు. ఎర్తింగ్ ప్రతి స్తంభం దగ్గరా న్యూట్రల్‌కి కలుపుతాను.

#25 — పాతఫ్యూజు

చివరి వాక్యం తప్ప అంతా బాగుంది. ఇంత చిన్న లైనులో న్యూట్రల్‌ని ఎర్త్‌కి పవర్ రూములో ఒక్కచోటే కలపండి, ఎర్త్ పిట్ నిరోధం 5 ఓముల లోపు రావాలి. మీటరు దాటాక ఇంట్లో ఎవరైనా న్యూట్రల్‌ని ఎర్త్ చేస్తే ఆ ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే స్విచ్) ఊరికే పడిపోతుంటుంది, విసుగొచ్చి దాన్ని బైపాస్ చేస్తారు, కాపలా పోతుంది. ఇంటికో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ మీ జాబితాలో లేదు, చేర్చండి. మీ హైబ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ లేనప్పుడు న్యూట్రల్‌ని లోపల ఎర్త్‌కి కలుపుతుందో వదిలేస్తుందో మాన్యువల్‌లో చూడండి. వదిలేసే రకమైతే మీరే కలపాలి, లేకుంటే ఎర్త్ ఫాల్ట్ వచ్చినా ఆర్‌సీసీబీకి తెలియదు.

#26 — వాగుగట్టు

స్పేర్లు కూడా ఇప్పుడే ఆర్డరులో వేయండి: జనరేటర్ బేరింగులు ఒక జత, రన్ కెపాసిటర్లు ఒక సెట్టు, లోడ్ కంట్రోలర్ నీళ్ళ హీటర్లు రెండు, నాజిల్ మొనలు మూడు, లోడ్ కంట్రోలర్ బోర్డు ఒకటి, ఎంసీ4 జతలు పది, డీసీ ఎంసీబీలు రెండు, ప్రీపెయిడ్ మీటర్లు రెండు. వీ గంటు పలకని కొలత అయిపోయాక పీకేయొద్దు. ఆపరేటరు వారానికోసారి దాని మీద నీటిమట్టం రాసుకుంటే, నాజిల్ ఎప్పుడు మూయాలో, చార్జర్ ఎప్పుడు 10 ఆంప్స్‌కి దించాలో ఆ పుస్తకమే చెబుతుంది.